కేస్ స్టడీ: మిర్చి రేటు పడింది, యూరో రేటు పెరిగింది, మధ్యలో ఒక జర్మనీ ఫైల్

ఈ కేస్ రాస్తానని నా స్టూడెంట్ వంశీకి (అసలు పేరు ఇది కాదు) మాటిచ్చి నాలుగు నెలలైంది. రాయొచ్చా అని అడిగితే "రాయండి మేడం, కాకపోతే మా నాన్నని మరీ అమాయకుడిలా చూపించకండి" అన్నాడు. చూపించను, ఎందుకంటే ఈ ఫైల్ మొత్తంలో డబ్బు లెక్క సరిగ్గా వేసింది ఆయనొక్కడే, నేనూ కాదు, వంశీ కూడా కాదు.

ముందు నా గురించి రెండు ముక్కలు, ఎందుకంటే సలహా ఎవరిస్తున్నారో తెలియకుండా సలహా తీసుకోకూడదు. విదేశాలకి చదువుకోవడానికి వెళ్లేవాళ్లకి సలహాలివ్వడం నా పని, గుంటూరు బ్రాడీపేటలో రెండు గదుల ఆఫీసు. దీనికి ముందు ఆరేళ్లు హైదరాబాద్‌లో ఒక పెద్ద కన్సల్టెన్సీలో చేశా. అక్కడ స్టూడెంట్ దగ్గర రూపాయి తీసుకోరు, సీటు నిండితే యూనివర్సిటీ ఇచ్చే కమిషన్ మీదే బండి నడుస్తుంది. జర్మనీలో పబ్లిక్ యూనివర్సిటీలు మాకు కమిషన్ ఇవ్వవు, ప్రైవేటు వాళ్లు ఇస్తారు, అందుకని "ఫ్రీ సర్వీస్" బోర్డు ఉన్నచోట మీకు ఏ యూనివర్సిటీ పేర్లు ఎక్కువ వినపడతాయో నేను చెప్పక్కర్లేదు. నేను స్టూడెంట్ దగ్గరే 35 వేలు తీసుకుంటా, అదీ మొదటి రోజే చెప్పేస్తా.

2024 అక్టోబర్, దసరా అయిన వారం. తండ్రీకొడుకులు ఇద్దరూ వచ్చారు. చిలకలూరిపేట దగ్గర ఊరు, సొంతం నాలుగెకరాలు, ఇంకో మూడు కౌలు, అంతా మిర్చి. అబ్బాయి 2023లో మెకానికల్ బీటెక్ అయ్యాడు, సీజీపీఏ 7.34, నాలుగు బ్యాక్‌లాగ్స్ పడి అన్నీ క్లియర్ అయ్యాయి, ఆ తర్వాత ఏడాది అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సు, ఉద్యోగం లేదు. అప్పటికే ఇంకో కన్సల్టెన్సీ ద్వారా బెర్లిన్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో డేటా సైన్స్ అని సీటు బ్లాక్ చేయడానికి 25 వేలు కట్టేశారు. ఆ 25 వేలు వెనక్కి రాలేదు, దాని గురించి ఇక మాట్లాడను.

పెద్దాయన కూర్చోగానే అడిగింది ఒకటే. "అమ్మా, జర్మనీలో చదువు ఫ్రీ అంటున్నారు. ఫ్రీ అయితే మరి మమ్మల్ని ఏడాదికి పన్నెండు వేల యూరోలు ఎందుకు కట్టమన్నారు ఆళ్లు?"

ఇంతకన్నా మంచి ప్రశ్న నన్ను ఈ మధ్య ఎవరూ అడగలేదు. నేను చెప్పిందేంటంటే, పబ్లిక్ యూనివర్సిటీలో ట్యూషన్ ఫీజు చాలాచోట్ల ఉండదు, సెమిస్టర్‌కి ఒకటి నుంచి మూడు నాలుగు వందల యూరోల కాంట్రిబ్యూషన్ ఉంటుంది. అన్నిచోట్లా ఫ్రీ కూడా కాదు, బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మన లాంటి వాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 వింటర్ నుంచి కొత్తగా చేరే మాస్టర్స్ వాళ్ల దగ్గర సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000 దాకా తీసుకుంటోంది. ఇదంతా అయ్యాక ఇంకోటి ఉంది, బ్లాక్డ్ అకౌంట్. అది ఫీజు కాదు, మీ అబ్బాయి ఏడాది తిండికి అద్దెకి మీ డబ్బే ముందే చూపించి అక్కడ ఒక అకౌంట్‌లో పెట్టడం. 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు, నెలకి 992 చొప్పున తిరిగి అబ్బాయికే వస్తుంది. ఆ ప్రైవేటు వాళ్లు అడిగింది ఫీజు, దాని మీద ఇది అదనం. అంటే రెండూ కలిపి మొదటి ఏడాదికే ఇరవై రెండు లక్షలకి దగ్గర.

పెద్దాయన కొడుకు వైపు చూశాడు, కొడుకు ఫోన్ వైపు చూశాడు.

వంశీకి ఉన్న మొదటి చిక్కు మార్కులు. తను ఇంటర్నెట్‌లో కాలిక్యులేటర్‌లో వేసుకుంటే జర్మన్ గ్రేడ్ 2.33 వచ్చిందట, 2.5 కటాఫ్ ఉన్న కోర్సులన్నీ లిస్టు రాసుకుని వచ్చాడు, నీట్‌గా ఎక్సెల్ షీట్, రంగులతో సహా. ఈ గ్రేడ్ మార్చే ఫార్ములాని మాడిఫైడ్ బవేరియన్ ఫార్ములా అంటారు, అంత భయంకరమైందేం కాదు. పదిలోంచి మీ సీజీపీఏ తీసేయండి, పదిలోంచి పాస్ గ్రేడ్ పాయింట్ తీసేయండి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి మూడుతో గుణించి ఒకటి కలపండి. అక్కడ 1 అంటే టాపర్, 4 అంటే జస్ట్ పాస్. వంశీ పాస్ పాయింట్ 4 అని వేసుకున్నాడు, వాళ్ల యూనివర్సిటీ మార్క్స్ మెమో వెనకాల చూస్తే పాస్ గ్రేడ్‌కి 5 పాయింట్లు. 5తో వేస్తే 2.6 వచ్చింది. ఒక్క అంకె మారేసరికి ఎక్సెల్ షీట్లో సగం పైన పోయాయి. పాస్ పాయింట్ 5 ఉన్నవాళ్లకి 2.5 కావాలంటే సీజీపీఏ 7.5 ఉండాలి, ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు, సగం మంది నా దగ్గరికి రావక్కర్లేదు.

రెండో చిక్కు దీనికన్నా పెద్దది. మెకానికల్ చదివి డేటా సైన్స్‌కి వెళ్తానంటాడు. అమెరికాలో అయితే ఇది చాలామంది చేస్తారు, ఒకటి రెండు బ్రిడ్జ్ కోర్సులు చేయించి తీసుకుంటారు. జర్మనీ పబ్లిక్ యూనివర్సిటీలో మాస్టర్స్ ఎక్కువగా బ్యాచిలర్స్‌కి కొనసాగింపు కింద చూస్తారు, నువ్వు ఏం అవుదామనుకుంటున్నావో కాదు, నువ్వు ఏ సబ్జెక్టులు ఎన్ని క్రెడిట్లు చదివావో అడుగుతారు, మ్యాథ్స్ ఇన్ని, ప్రోగ్రామింగ్ ఇన్ని, కంప్యూటర్ సైన్స్ థియరీ ఇన్ని అని. అమీర్‌పేట సర్టిఫికెట్‌కి అక్కడ క్రెడిట్లు ఉండవు. "మెకానికల్‌లో జాబ్స్ లేవు మేడం" అన్నాడు వంశీ, కొంచెం కోపంగానే. నేను వాదించలా. తన ఎనిమిది సెమిస్టర్ల సబ్జెక్టులు ఒక కాగితం మీద రాయమన్నా, వాటి పక్కన క్రెడిట్లు. మాన్యుఫాక్చరింగ్, క్యాడ్, ఫైనైట్ ఎలిమెంట్, కంట్రోల్స్, ఒక పైథాన్ ఎలక్టివ్. ఆ కాగితం పెట్టుకుని కోర్సులు వెతికితే ప్రొడక్షన్, సిమ్యులేషన్, ఆటోమేషన్ వైపు ఇంగ్లీషులో చెప్పే మాస్టర్స్ బానే దొరికాయి, వాటిలో కోడింగ్ కూడా ఉంది. వారం పట్టింది అబ్బాయి ఒప్పుకోవడానికి. మనసుతో ఒప్పుకున్నాడో లేక నాన్న ముందు ఒప్పుకున్నాడో నాకిప్పటికీ తెలీదు.

ఇక్కడి నుంచి నా తప్పు మొదలవుద్ది.

మనవాళ్ల పేర్ల సంగతి తెలిసిందేగా. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా, ఇంటర్‌లో ఇనీషియల్ మాత్రమే, బీటెక్‌లో మళ్లీ పూర్తిగా, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ అన్న చోట ఖాళీ, మొత్తం పేరు గివెన్ నేమ్‌లో ఇరికించారు. వంశీ పాస్‌పోర్ట్‌లో దీనికి తోడు నాన్న పేరులో ఒక అక్షరం తేడా. నాకు చూడగానే తెలుసు ఇది సరిచేయించాలని. కానీ ఏపీఎస్ అనేది ఒకటి ఉంది, 2022 నవంబర్ నుంచి మన దేశం స్టూడెంట్స్‌కి తప్పనిసరి, మన సర్టిఫికెట్లు నిజమైనవేనా అని ఢిల్లీలో చూసి ఒక సర్టిఫికెట్ ఇస్తారు, ఫీజు 18 వేలు, అది లేకుండా వీసా ఫైల్ కదలదు, చాలా యూనివర్సిటీలు అప్లికేషన్ కూడా తీసుకోవు. డిసెంబర్ వచ్చేసింది, టైం పోతోందని నేను తొందరపడి పాత పాస్‌పోర్ట్‌తోనే ఏపీఎస్ వేయించా, పాస్‌పోర్ట్ పక్కన మార్పిద్దాంలే అని. జనవరిలో క్వెరీ వచ్చింది. పేర్లు ఎందుకు కలవట్లేదు, వివరణ ఇవ్వండి అని. ఇంతలో కొత్త పాస్‌పోర్ట్ వచ్చింది, నంబర్ మారింది, ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఏమో పాత నంబర్ మీద రాశాడు (6.5 వచ్చింది, అదొక్కటి ఏ గొడవా లేకుండా అయింది). అఫిడవిట్, రెండు పాస్‌పోర్టుల కాపీలు, మెయిళ్లు, మళ్లీ మెయిళ్లు. సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి మార్చి నెలాఖరు.

వింటర్ సెమిస్టర్ అప్లికేషన్లకి అందరికీ తెలిసిన డేట్ జులై 15. అది నిజమే కానీ బయటి దేశాల వాళ్లకి చాలా కోర్సులు మార్చిలోనో మే చివర్లోనో మూసేస్తాయి. ఆ ఆలస్యం వల్ల మూడు యూనివర్సిటీలు పోయాయి, మూడిట్లో రెండు అబ్బాయికి బాగా సరిపోయేవి. పాస్‌పోర్ట్ ముందు, ఐఈఎల్‌టీఎస్ తర్వాత, ఏపీఎస్ ఆ తర్వాత, ఈ వరస నేనే పది మందికి చెప్తా, నేనే తప్పా. నా ఫీజులో 10 వేలు వెనక్కి ఇస్తానంటే పెద్దాయన తీసుకోలేదు, "పని కానియ్యమ్మా ముందు" అన్నాడు. అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

అప్లికేషన్లు మొత్తం ఆరు వేశాం. నాలుగు యూని అసిస్ట్ ద్వారా, అంటే చాలా జర్మన్ యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు తీసుకునే సంస్థ ద్వారా, మొదటిదానికి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30, మొత్తం 165. రెండు నేరుగా యూనివర్సిటీ పోర్టల్స్‌లో. రెండు రిజెక్ట్ అయ్యాయి, ఒకదానికి 2.5 కటాఫ్ ఉందని తెలిసీ వంశీ పట్టుబడితే వేశాం, రెండోది మ్యాథ్స్ క్రెడిట్లు చాలవని. ఒకటి సబ్జెక్టుల వివరాలు, అంటే మాడ్యూల్ డిస్క్రిప్షన్స్, సరిగ్గా లేవని వెనక్కొచ్చింది. మన కాలేజీల్లో సిలబస్ కాపీ మీద సంతకం పెట్టించుకోవడం అంటే హెచ్‌ఓడీ ఎప్పుడు దొరికితే అప్పుడు, ఇది ఫైనలియర్‌లో ఉండగానే చేయించుకోండి, ట్రాన్స్‌క్రిప్ట్స్ కూడా అప్పుడే ఎక్కువ సెట్లు తీసుకోండి, ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ సర్టిఫికెట్ కోసం రెండేళ్లు తిరిగినవాళ్లని చూశా. ఒక యూనివర్సిటీ అసలు జవాబే ఇవ్వలేదు, అబ్బాయి ఫ్లైట్ ఎక్కాక వచ్చింది రిజెక్ట్ మెయిల్. జూన్‌లో మాత్రం రెండు అడ్మిట్లు వచ్చాయి. రెండూ తూర్పు జర్మనీ, చిన్న సిటీలు, ఫీజు లేదు.

ఇక డబ్బు. ఈ కేస్ అసలు ఇదే.

ఫిబ్రవరి మొదట్లో పెద్దాయన గుంటూరు మిర్చి యార్డుకి వచ్చి అట్నుంచి అటే ఆఫీసుకి వచ్చాడు. క్వింటా 13 వేలకి అడుగుతున్నారు, ఇచ్చేద్దామనుకుంటున్నా, రెండేళ్ల కిందట 20 దాటిన సరుకు, అయినా ఇది ఇంకా పడేట్టుంది, అమ్మేసి ఆ బ్లాక్డ్ అకౌంట్‌కి కావాల్సిన పన్నెండు వేల యూరోలు ఇప్పుడే కొనేద్దామా అన్నాడు. అప్పుడు యూరో 90 చిల్లర ఉంది. నేను రెండు విషయాలు చెప్పా. అడ్మిట్ రాకుండా డబ్బు కదపొద్దు అన్నా, అది ఇప్పటికీ కరెక్టే అంటా, అడ్మిట్ రాకపోతే ఆ డబ్బు అటూ ఇటూ తిరగడంలో చార్జీలకే పోతుంది. రెండోది, డబ్బు జూన్‌లో కదా కావాల్సింది, అప్పటిదాకా సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోండి, రేటు లేవొచ్చు అన్నా. మిర్చి గురించి మాట్లాడటానికి నేనెవరు? ఫిబ్రవరి చివరికి గుంటూరు యార్డులో గొడవలు, ఢిల్లీ దాకా వెళ్తే కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు అని మద్దతు రేటు ప్రకటించింది, పేపర్లో చూసి నాకు కడుపులో తిప్పింది. ఆయన సగం సరుకు మార్చిలో 11 వేల చిల్లరకి ఇచ్చేశాడు, మిగతా సగం కోల్డ్ స్టోరేజీలో. జూన్ దాకా రేటు లేవలేదు, కోల్డ్ స్టోరేజీ అద్దె, దాని మీద తీసుకున్న అప్పుకి వడ్డీ మాత్రం లేచాయి. అటు యూరో జులైకి వంద దగ్గరికి వెళ్లింది. అదే 11,904 యూరోలు, ఫిబ్రవరిలో పది లక్షల డెబ్భై వేలు, జులైలో పదకొండు లక్షల తొంభై వేలు. ఇటు సరుకు రేటు పడి, అటు కొనాల్సిన దాని రేటు పెరిగి, రైతు రెండువైపులా మునిగాడు.

బ్యాంకు సంగతి చెప్తా, ఎందుకంటే పల్లెల నుంచి వచ్చే ప్రతి ఫ్యామిలీ ఇక్కడే ఆగిపోతుంది. "నాలుగెకరాలు ఉంది, ఎకరం ఎంత పలుకుతుందో తెలుసా, దాని మీద పది లక్షలు ఇవ్వరా" అంటాడు పెద్దాయన. ఇవ్వరు. బాకీ కట్టకపోతే కోర్టుకి వెళ్లకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకని విదేశీ చదువు లోన్‌కి చాలా బ్యాంకులు పొలం తాకట్టు ఒప్పుకోవు, ఇల్లో, ఫ్లాటో, స్థలమో, ఫిక్స్‌డ్ డిపాజిట్టో అడుగుతాయి. ఊళ్లో ఉన్న పెంకుటిల్లుకి ప్లాన్ లేదు, లింక్ డాక్యుమెంట్లు లేవు. పేపర్లో చూసిన పీఎం విద్యాలక్ష్మి పథకం గురించి అడిగాడు, అది 2024 నవంబర్‌లో ఓకే అయిన స్కీం, మన దేశంలో ఎంపిక చేసిన కాలేజీలకే, బయట చదువుకి కాదు. ఎన్‌బీఎఫ్‌సీ వాళ్లు, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీలు, తాకట్టు లేకుండా ఇస్తామన్నారు, వడ్డీ 13 శాతం చిల్లర, ప్రాసెసింగ్ ఫీజు వేరే. నేను వద్దన్నా, ఫీజే లేని చదువుకి 13 శాతం వడ్డీ ఎందుకు.

చివరికి తేలింది ఇలా. ఒక గవర్నమెంట్ బ్యాంకు నుంచి ఏడున్నర లక్షలు, దానికి ఆస్తి తాకట్టు అక్కర్లేదు, మేనమామ గ్యారంటీ సంతకం పెట్టాడు, ఆయన టీచర్ కాబట్టి శాలరీ స్లిప్ ఉంది. ఇది కూడా అడ్మిట్ లెటర్ వచ్చాకే కదిలింది, మేనేజర్ మారేసరికి మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సొచ్చింది. వాళ్లమ్మ బంగారం మీద నాలుగు లక్షలు, ఆ ఏడు బంగారం ఏప్రిల్‌లో పది గ్రాములు లక్ష తాకింది కాబట్టి అదే వస్తువుకి ముందు కన్నా ఎక్కువ వచ్చింది, ఈ ఫైల్లో మనకి కలిసొచ్చిన రేటు అదొక్కటే. మిగతాది మిర్చి. డబ్బు పంపేటప్పుడు ఇంకోటి చూసుకున్నాం, టీసీఎస్, అంటే బయటి దేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు లోన్ డబ్బు మీద టీసీఎస్ లేదు, సొంత డబ్బైతే ఏడాదికి పది లక్షల దాకా లేదు. వంశీ వాళ్లది పది లక్షల లోపే కాబట్టి ఏం కోత పడలేదు. లోన్ డబ్బుని ఇంట్లో సేవింగ్స్ అకౌంట్‌కి తెచ్చుకుని అక్కడి నుంచి పంపితే అది లోన్ డబ్బని మళ్లీ నిరూపించుకోవాలి, లోన్ అకౌంట్ నుంచే నేరుగా పంపించండి.

మొత్తం ఖర్చు పెద్దాయన చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాడు, నేను ఫొటో తీసుకున్నా. బ్లాక్డ్ అకౌంట్ 11 లక్షల 90 వేలు, ఏపీఎస్ 18 వేలు, ఐఈఎల్‌టీఎస్ దాదాపు అంతే, అప్లికేషన్లు 16 వేలు, జర్మన్ భాష ఏ1 (మొదటి మెట్టు) క్లాసులు 20 వేలు, వీసా ఫీజు 75 యూరోలు అంటే ఏడున్నర వేలు, టికెట్ 48 వేలు, బట్టలు సూట్‌కేసులు 35 వేలు, నా ఫీజు 35, పాస్‌పోర్ట్ పదిహేను వందలు, చేతిలో క్యాష్ లక్షన్నర. అన్నీ కలిపి 15 లక్షల 40 వేలకి కొంచెం అటూ ఇటూ. కింద ఆయన చేత్తో ఒక లైన్ రాసుంది: ఫ్రీ.

ఆ చేతిలో క్యాష్ లక్షన్నర ఎందుకో చెప్పాలి, ఇది నేను ఎంత చెప్పినా సగం మంది వినరు. బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బు ఉంది కదా అని జేబులో 300 యూరోలతో దిగుతారు. ఆ డబ్బు దిగగానే రాదు. అక్కడ మామూలు బ్యాంకు అకౌంట్ తెరవాలి, దానికి చాలాచోట్ల అడ్రస్ రిజిస్ట్రేషన్ కాగితం అడుగుతారు, దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు, ఇంట్లో చేరిన రెండు వారాల్లో సిటీ ఆఫీసులో చేయించుకోవాలి, ఆ రిజిస్ట్రేషన్‌కి ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి. ఇప్పుడు కథేంటంటే, మనవాళ్లు దిగేది తెలుగు సీనియర్ల రూముల్లో. సీనియర్‌ది ఒక్కడి పేరు మీద ఉన్న రూము, అందులో ముగ్గురు, ఓనర్‌కి తెలీదు, కాబట్టి సంతకం రాదు. సంతకం లేక అడ్రస్ లేదు, అడ్రస్ లేక అకౌంట్ లేదు, అకౌంట్ లేక నెల నెలా వచ్చే 992 రాదు, పన్నెండు లక్షలు పెట్టుకుని రూమ్మేట్ దగ్గర యాభై యూరోలు అప్పు అడుగుతాడు.

వంశీకి అచ్చం ఇదే జరగబోయింది. అడ్మిట్ వచ్చిన రోజే స్టూడెంట్ హాస్టల్‌కి, అంటే స్టూడెంటెన్‌వెర్క్ వాళ్ల రూముకి అప్లై చేయించా, అది నవంబర్ 1 నుంచి ఇస్తామన్నారు. అక్టోబర్ ఒక్క నెలకి వాట్సాప్ గ్రూపులో ఒక అన్న "వచ్చేయ్ తమ్ముడూ, 200 ఇవ్వు చాలు" అన్నాడు. అన్‌మెల్డుంగ్ వస్తుందా అని అడగమన్నా. వంశీకి అడగడానికి మొహమాటం, సాయం చేస్తున్నవాణ్ణి అలా అడిగితే ఏమనుకుంటాడో అని. మూడు రోజులు గింజుకుని అడిగాడు. రాదు అన్నాడు ఆ అన్న, పాపం నిజాయితీగానే. అప్పుడు వెతికితే ఒక పెద్దావిడ ఇంట్లో గది నెలకి 330కి దొరికింది, సంతకం ఇస్తానంది, 130 ఎక్కువే అయినా అదే తీసుకున్నాం. అక్టోబర్ మూడో వారానికి 992 మొదటిసారి అకౌంట్‌లో పడింది. ఈలోపు డిపాజిట్, అద్దె, సెమిస్టర్ కాంట్రిబ్యూషన్, హెల్త్ ఇన్సూరెన్స్ (అది నెలకి 140 యూరోల పైనే, తప్పించుకోలేం), దుప్పటి, గిన్నెలు, అన్నీ ఆ చేతి డబ్బుతోనే నడిచాయి.

నేను వరస తప్పా. వీసా గురించి చెప్పలేదు. జులై రెండో వారం హైదరాబాద్‌లో ఫైల్ ఇచ్చాం, సెప్టెంబర్ మొదటి వారంలో స్టాంప్ పడి వచ్చింది. ఇందులో చెప్పుకోదగ్గది ఒకటే. ఇంతకుముందు వీసా రిజెక్ట్ అయితే ఖర్చు లేకుండా మళ్లీ చూడండి అని రాసే పద్ధతి ఉండేది, 2025 జులై 1 నుంచి దాన్ని తీసేశారు, ఇక రిజెక్ట్ అయితే కొత్తగా వేయాలి లేదా అక్కడ కోర్టుకి వెళ్లాలి. కాబట్టి మోటివేషన్ లెటర్, అంటే ఈ కోర్సుకే ఎందుకు వెళ్తున్నావో చెప్పే ఉత్తరం, ఎవడిదో కాపీ కొట్టి పెట్టే రోజులు కావు. వంశీ లెటర్ నేను రాయలేదు, తనతోనే రాయించా, మొదటిది చదివితే ఏడుపొచ్చింది, "చిన్నప్పటి నుంచి నాకు మెషీన్లంటే ప్రాణం" అని మొదలెట్టాడు. నాలుగోసారి రాసింది బాగుంది. అందులో వాళ్ల నాన్న మిర్చి కల్లంలో వాడే తొడిమలు తీసే మిషన్ ఎందుకు మాటిమాటికీ ఆగిపోతుందో రాశాడు, దాని మీదే ఫైనలియర్ ప్రాజెక్ట్ చేశాడట, నాకు ఆర్నెల్ల పాటు ఆ ముక్క చెప్పనే లేదు! అక్టోబర్‌లో మొదటి రోజే చెప్పుంటే ఆ వారం రోజుల వాదన ఉండేది కాదు.

ఇప్పుడు ఎలా ఉన్నాడంటే, బానే ఉన్నాడు, మరీ బాగా కాదు. డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది, ఫోన్‌లో గొంతు తెలిసిపోయేది. పార్ట్‌టైం జాబ్ మూడు నెలలు దొరకలేదు. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు చేయనిస్తారు, గంటకి కనీసం 2026 జనవరి నుంచి 13.90 యూరోలు, కాగితం మీద లెక్క బాగుంటుంది. కానీ చిన్న సిటీ, ఏ1 జర్మన్‌తో వేర్‌హౌస్‌లో కూడా కష్టం, రెండో నెల నుంచే సంపాదించి ఇంటికి పంపిస్తానని ఎవరన్నా అంటే నమ్మకండి. ఇప్పుడు ఒక బేకరీలో వారానికి రెండు రోజులు వెళ్తున్నాడు, తెల్లారి నాలుగింటికి. ఏ1 దగ్గర ఆగకుండా ఇక్కడ ఉండగానే ఏ2 చేసి వెళ్లుంటే బాగుండేదని తనే అన్నాడు. ఎగ్జామ్స్ నాలుగిటికి రిజిస్టర్ చేసుకుని, మూడు రాశాడు, భయపడి ఒకటి వదిలేశాడు. అక్కడ చాలా కోర్సుల్లో ఒక పేపర్ మూడుసార్లు తప్పితే కోర్సు నుంచే బయటికి పంపేస్తారు, మన సప్లీల్లాగా ఎన్నిసార్లయినా రాసుకోవడం ఉండదు. అది నేను ముందే చెప్పా, అయినా నాలుగు బ్యాక్‌లాగ్స్ చూసినవాడికి అది ఒంట్లోకి ఎక్కడానికి ఒక సెమిస్టర్ పట్టింది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు, ఆ 18 నెలల కోసమే చాలామంది వెళ్తారు, కానీ డిగ్రీ చేతికొస్తేనే ఆ గడియారం మొదలయ్యేది.

పెద్దాయనకి నేను ఆలస్యంగా చెప్పిన ఇంకో సంగతి మిగిలింది. రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు రెండో ఏడాదికి కూడా డబ్బు ఉందని చూపించాలి. పార్ట్‌టైం జీతం స్లిప్పులు కొంత పనికొస్తాయి, మిగతాది మళ్లీ అకౌంట్‌లో పెట్టాలి. ఇది మొదటి మీటింగ్‌లోనే 15 లక్షల 40 వేల పక్కన రాయాల్సింది, రాయలేదు. ఇప్పుడు నా ఆఫీసులో ప్రతి ఫైల్ మొదటి పేజీలో రెండు ఏళ్ల కాలమ్స్ ఉంటున్నాయి.

మొన్న సంక్రాంతి అయ్యాక ఫోన్ చేశాడాయన. ఈ ఏడు మిర్చి తగ్గించి రెండెకరాలు పొగాకు వేశాడట. పంట గురించి, మేనమామ గురించి, అబ్బాయి బేకరీ గురించి పావుగంట మాట్లాడి పెట్టేసే ముందు అడిగాడు. "అమ్మా, ఇయ్యాల యూరో ఎంతుంది?"

105 దాటింది అని చెప్పా.

"ఈసారి మాత్రం నువ్వు ఆగమన్నా ఆగను" అన్నాడు.